మనిషికి మనిషి

రక్తం అబద్ధం చెప్పదని నలుగురికీ పాఠం చెప్పే డాక్టర్ స్వర్ణ, ఆ రక్తం చెప్పిన నిజాన్ని తానే వినలేక శ్రీకాకుళం ల్యాబులోంచి లేచి వచ్చేసిందని పోయిన వారం చదివారు.

మెదడువాపు జ్వరానికి తయారైన కొత్త టీకాని కోటబొమ్మాళి చుట్టుపక్కల ఊళ్ళలో పెద్దవాళ్ళకి వేసి పరీక్షిస్తున్నారు. సూది వేసే ముందు ఒకసారి, వేసిన నెలకి మరోసారి రక్తం తీసి, అందులోని తెల్లకణాలు ఆ జబ్బుని గుర్తుపట్టడం నేర్చుకున్నాయో లేదో చూడటం స్వర్ణ పని. ఆ కణాల మీద ప్రతి మనిషికీ ఒక గుర్తు ఉంటుంది. సగం తల్లి ఇస్తుంది, సగం తండ్రి ఇస్తాడు. పుట్టింది మొదలు మట్టిలో కలిసేదాకా అది మారదు. ఏడుగురి విషయంలో మాత్రం మారింది. అంటే మొదట చెయ్యి చాపిన మనిషి వేరు, నెల తర్వాత చాపిన మనిషి వేరు. ఆ ఏడింటిలో ఒకదాని గుర్తులో సరిగ్గా సగం స్వర్ణదే. యంత్రం సరిగా ఉందో లేదో చూసుకోవడానికి రోజూ తన రక్తమే పెట్టి చూస్తుంది గనక ఇట్టే పోల్చుకుంది. తండ్రి పోయి చాలా కాలమైంది. తోబుట్టువులు లేరు. ఆ రక్తం ఎవరిదో ఇంకొకర్ని అడగక్కర్లేదు.

గొట్టం మీద పేరు మాత్రం కూర్మమ్మ అని ఉంది.

శనివారం మధ్యాహ్నం స్వర్ణ ఊరి మొగలో ఆటో దిగేసరికి, కొత్తగా నాట్లు పడ్డ మళ్ళలో నీళ్ళు కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. సోమవారం పొద్దున్న ఇక్కడే రెండో డోసు. వ్యాన్లు, మంచుపెట్టెలు, ఢిల్లీ నుంచి చూడటానికి వచ్చే పెద్దలు, అన్నీ సిద్ధం. టీకా పరిశోధన కేంద్రం డైరెక్టరు సూర్యారావు గారు పొద్దుటి నుంచి మూడుసార్లు ఫోన్ చేశారు. వేలూరులో చదువు ముగించుకుని వచ్చిన మిషను పేట పిల్లని పిలిచి, ల్యాబు ఇచ్చి, పేరు ఇచ్చిన మనిషి. ఆయన ఫోన్ ఎత్తకపోవడం ఆమెకి ఇదే మొదటిసారి.

చర్చి అరుగు మీద స్త్రీల సమాజం వాళ్ళు చర్చి కానుకగా వారమంతా ఇంటింటా తీసిపెట్టిన పిడికెడు బియ్యం చెరుగుతున్నారు.

"ఓలమ్మా, డాక్టరమ్మొచ్చిందర్రా! సేతులు దాసుకోండి, మళ్ళీ సూదట్టుకొచ్చినాదేమో!"

అందరూ ఘొల్లుమన్నారు. ఒక ముసలమ్మ చేట కింద పెట్టి స్వర్ణ గడ్డం పట్టుకుంది. "ఏటమ్మా ఇలా సిక్కిపోనావు? మా రగతం సాలక నీ రగతం కూడా నువ్వే తోడేసుకుంతన్నావేటి?"

స్వర్ణ నవ్వాలని చూసింది. ఈ ఊళ్ళో సూది అంటే చెట్టెక్కి కూచునే జనం. "డాక్టరమ్మ మన పిల్ల" అన్న ఒక్క మాట మీద వరసకట్టి కూచుని చేతులు చాపారు. వీళ్ళ ప్రేమ వలలాంటిది. ఎటు కదిలినా మెత్తగానే ఉంటుంది, బయటికి మాత్రం రానివ్వదు.

"అమ్మేదీ?"

"లోన. బల్లలు తుడస్తన్నాది."

ఎలీసమ్మ ఆ చర్చికి బైబిలు స్త్రీ, ఇంటింటికీ వెళ్ళి వాక్యం చదివి ప్రార్థన చేసే మనిషి. ఊళ్ళో పురుడొచ్చినా, చావొచ్చినా, కులంతో పని లేకుండా ముందు ఆవిడకే కబురు వెళ్తుంది. అందుకే టీకా పనిలో మనుషుల్ని గుర్తుపట్టే బాధ్యత ఆవిడకి అప్పగించారు. రక్తం తీసే కుర్చీ పక్కన నిలబడి "అవును, ఈవిడ ఫలానా" అనాలి. ఎలీసమ్మ అవునంటే అవును. ఆ మాటకి పైన ఇంకో పరీక్ష పెట్టాలని ఎవరికీ తోచలేదు. స్వర్ణకీ తోచలేదు.

కూతుర్ని చూడగానే ఆవిడ తడిగుడ్డ పిండి భుజాన వేసుకుంది. "ఏటే, సెప్పకుండా ఒచ్చీసినావు? అన్నం తిన్నావా?"

"పక్కగదిలోకి రా అమ్మా."

ఆ గదిలో బియ్యం బస్తాలు, విరిగిన బెంచీలు ఉంటాయి. తుపానులో తలుపు ఊడిపోయిన కిటికీకి రేకు కొట్టేశారు. ఎండకి అది కాలి గది పొయ్యిలా ఉంది. స్వర్ణ తలుపు దగ్గరికి వేసింది. దారి పొడుగునా కూర్చుకున్న ప్రశ్నలన్నీ పక్కన పెట్టింది.

"చెయ్యి చూపించు" అంది చివరికి.

"ఏ సెయ్యి?"

"ఎడమది."

ఎలీసమ్మ కొంగు సర్దుకుంటున్నట్టు చేసింది. స్వర్ణే ముందుకు వచ్చి తల్లి చెయ్యి పట్టుకుని తిప్పింది. మోచేతి మడతలో కమిలిన మచ్చ, అంచులు పసుపుపచ్చగా మారి మానుతోంది.

"బల్ల తగిలింది."

"అమ్మా."

జీవితమంతా ఇంకొకళ్ళ ఇళ్ళలో కూచుని నిజం పలకమని చెప్పిన మనిషి. అబద్ధం ఆవిడ నోట్లో నిలవలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని బస్తా మీద కూలబడింది.

"ఎలా తెలిసింది నీకు?"

"నీ రక్తంలో సగం నేను ఉన్నాను. దాచాలనుకున్నదానివి వేరే ఎవరి చెయ్యయినా పెట్టాల్సింది."

"వేరేవోళ్ళ సెయ్యెందుకు పెడతాను? పాపమేదైనా ఉంటే నాకే తగలాల."

"మరి బిందు ఎలా తీసింది? నర్సుకి తెలీదా, నువ్వు కూర్మమ్మక్కవి కావని?"

"దాన్నేటనకు. నాను పెంచిన పిల్ల. నా మాట కాదనదు. కళ్ళనీలెట్టుకుని తీసింది."

స్వర్ణ గోడకి ఆనుకుని నిలబడింది. "మిగతా ఆరుగురు?"

"ఆల్లింట్లోవోళ్ళే. ఆడపడుసో, తోడికోడలో."

"ఎందుకు చేశారమ్మా? నేను ఏం పాపం చేశానని నాకిలాంటి..."

ఎలీసమ్మ చివ్వున తలెత్తింది. ఆవిడ ముఖంలో అంతదాకా ఉన్న భయం పోయి, అన్యాయంగా మాటపడ్డ మనిషి కోపం వచ్చింది.

"నువ్వే సెప్పినావు గదే! ఈ బెంచీ మీదే కూకుని సెప్పినావు. 'అమ్మా, రెండోసారి ఒక్క మనిసి తగ్గినా నా పనంతా పాడయిపోద్ది, ఎవ్వర్నీ జారనీకు' అన్నావు. కాళ్ళట్టుకున్నంత పని సేసినావు. తగ్గనీకుండా సేసాను. ఇప్పుడొచ్చి ఎందుకు సేసినావంటే నానేటనాల?"

అన్న మాటే. స్వర్ణకి జ్ఞాపకమే. పై అధికారులు, ఎక్కువమంది జారిపోతే ప్రయోగం ఇంకో జిల్లాకి మార్చేస్తామని బెదిరించిన రోజు అది.

తలుపు కిర్రుమంది. తవిటమ్మ తల లోపలికి పెట్టింది. ఊళ్ళో నాట్ల ముఠాకి మేస్త్రి ఆవిడే. చర్చితో ఆవిడకి సంబంధం లేదు గానీ ఎలీసమ్మతో ఉంది.

"ఏటొదినా, తల్లీకూతుళ్ళు తలుపేసీసుకున్నారు? కోడలా, సోమారం మా ముఠా అంతా ఒచ్చీత్తాం. మనిసికి మనిసి లెక్క సరిపోద్ది, నువ్వు బెంగెట్టుకోకు."

స్వర్ణ నెమ్మదిగా ఆవిడ వైపు తిరిగింది. "అత్తా, మనిషికి మనిషి అంటే?"

"అదేటి, తెలీనట్టడుగుతావు! నువ్వీ ఊరిపిల్లవి కాదేటి?" తవిటమ్మ గడప మీద కూచుంది. "రైతుకి ఇరవైమందిమి ఒస్తామని మాటిచ్చామనుకో. ఒకత్తికి జొరమొస్తాది. ఒకత్తి పుట్టింటికి పోతాది. అప్పుడా ఇంట్లోంచి ఇంకోలు రావాల. అత్తో, మరదలో, ఎవులో ఒకలు. ముఠా మాట పోకూడదు. రైతు కూడా నువ్వెవులివని అడగడు. సేను మొకం సూడదు గదా, సెయ్యి సూస్తాది."

"సూదికీ అలాగే వచ్చారా?"

"మరి? నాట్లయిపోగానే కొందరు మదరాసు మేడల పనికి ఎల్లిపోనారు. ఎలీసమ్మొదిన 'నీ కోడలి పని సెడిపోద్దే' అని ఇల్లిల్లూ తిరిగింది. మాటిచ్చినోళ్ళం ఊరుకుంటామా? పంపించాం." ఆవిడ ముఖంలో దాపరికం అణువంతైనా లేదు. పైగా మెచ్చుకోలు కోసం చూస్తోంది. "ఒక్కలు తగ్గినారా? సెప్పు."

స్వర్ణకి ఏడవాలో నవ్వాలో తెలీలేదు. మోసం చేసినవాళ్ళని నిలదీయవచ్చు. మాట నిలబెట్టుకున్నవాళ్ళని ఏమని నిలదీయాలి?

"అత్తా, నాకు కావలసింది లెక్క కాదు. సూది పడ్డ మనిషి రక్తమే ఆ జబ్బుని పోల్చుకోవడం నేర్చుకుంటుంది. ఇంకొకరి రక్తానికి ఆ సంగతి తెలీదు. ఇప్పుడు ఈ టీకా పనిచేస్తోందని నేను చెప్పినా అబద్ధమే, చెయ్యట్లేదని చెప్పినా అబద్ధమే. దీన్ని నమ్మి రేపు పసిపిల్లలకి వేస్తారు."

తవిటమ్మ నోరు తెరుచుకుని వింది. "ఆ ముక్క ముందే సెప్పొద్దా తల్లీ?"

చెప్పలేదు. చెప్పనక్కర్లేదనుకుంది. ఈ ఊరిపిల్లే అయ్యుండి, ఈ ముఠాలో తల్లి నాట్లేసి తెచ్చిన గింజలు తిని పెరిగి, ఇక్కడివాళ్ళు మాట ఎలా నిలబెట్టుకుంటారో మరిచిపోయింది.

తల్లి వైపు తిరిగి అడిగింది. "ఆరుగురూ మదరాసు వెళ్ళారు. సరే. కూర్మమ్మక్క కూడా వెళ్ళిందా?"

ఆడవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అమ్మా, అడుగుతున్నాను. ఆమెకి ఆడపడుచు ఉంది, తోడికోడళ్ళు ఉన్నారు. నువ్వెందుకు ఇవ్వాల్సొచ్చింది?"

"ఇంట్లోవోళ్ళు రామన్నారు" అంది ఎలీసమ్మ, నేల చూస్తూ. "బయపడ్డారు."

"దేనికి?"

"దానికి కాళ్ళు రావట్లేదే."

ఎలీసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సూదేసిన మూడో వారానికి అరికాళ్ళు తిమ్మిరన్నాది. తరవాత మడమలు నిలబడట్లేదన్నాది. పుట్టింట్లో పడుక్కుని ఉన్నాది, నరసన్నపేట అవతల. సూది వల్లేనని ఊళ్ళో గగ్గోలైపోతే? సర్చీవోళ్ళు మనుసుల్ని మందులోళ్ళకి అమ్మీసారంటారు. నీ పేరు మట్టిలో కలిసిపోద్ది. దాని మొగుడు దాలయ్య సేత ఒట్టేయించుకున్నాను, ఎవరికీ సెప్పొద్దని. ఉపాసాలుండి ప్రార్థన సేసాను. తగ్గిపోద్దనుకున్నాను."

స్వర్ణ అప్పటికే తలుపు తీసేసింది. "ఎక్కండి ఇద్దరూ ఆటో. నడవండి."

ఆటో హైవే ఎక్కాక స్వర్ణ తనలో తానే లెక్క వేసుకుంది. కూర్మమ్మకి పడింది అసలు టీకానో, పోల్చి చూడటానికి వేసే, మందులేని ఉత్తి సూదో తనకే తెలీదు. ఆ గుట్టు సీలువేసిన కవర్లలో, సూర్యారావు గారి అధీనంలో ఉంటుంది. కాళ్ళు పడిపోయే జబ్బు మామూలు జ్వరాల తర్వాత కూడా వస్తుంది. టీకా నేరం కాకపోవచ్చు. కాకపోవచ్చు గానీ, తెలిసేదాకా సోమవారం ఇంకో మనిషికి ఆ సూది పడకూడదు. ఆపాలంటే కారణం చెప్పాలి. కారణం పక్క సీట్లో, కొంగు నోట్లో కుక్కుకుని కూచుని ఉంది.

కూర్మమ్మ చాప మీద పడుకుని ఉంది. పక్కన భర్త దాలయ్య తాటాకు విసనకర్రతో విసురుతున్నాడు. ఎలీసమ్మని చూసి లేచి నిలబడ్డాడు.

"అత్తా, నాను ఎవులికీ సెప్పలేదు."

"తెలుసయ్యా, కూకో."

స్వర్ణ మోకాలి కింద చేతి అంచుతో కొట్టింది. కాలు ఉలకలేదు. రెండోదీ ఉలకలేదు. వేళ్ళు పట్టుకుని పిండమంటే కూర్మమ్మ చేతుల్లో పిల్లల పట్టు కూడా లేదు. జబ్బు కాళ్ళ నుంచి పైకి పాకుతోంది.

"అక్కా, నారుకట్టలు లెక్కెట్టినట్టు ఒక్క ఊపిరిలో లెక్కెట్టు."

మడికి ఈ చివర నిలబడి లెక్కపెడితే ఆ చివరికి వినిపించే గొంతు కూర్మమ్మది. ముఠాలో కట్టల లెక్క ఆవిడదే. నవ్వి, ఊపిరి తీసుకుని మొదలెట్టింది. ఆరు దగ్గర గొంతు సన్నబడింది. తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

"ఊపిరాడట్లేదమ్మా" అంది, తప్పు చేసినదానిలా.

తవిటమ్మ గోడవైపు తిరిగి కళ్ళొత్తుకుంది.

స్వర్ణ ముందు నూట ఎనిమిదికి ఫోన్ చేసింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి సూర్యారావు గారికి చేసింది. ఆయన అంతా విన్నారు. గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచరు.

"కూర్మమ్మా? వారం కిందట ఆరోగ్యంగా వచ్చి రక్తం ఇచ్చినట్టుంది కదమ్మా. కింద సంతకం నీదే."

"ఆ రక్తం ఆమెది కాదు సార్."

"మరెవరిది?"

స్వర్ణ కళ్ళు మూసుకుంది. "మా అమ్మది."

అవతల ఆయన కుర్చీ జరుపుకుని, లేచి గది తలుపు వేసిన చప్పుడైంది.

"స్వర్ణా, నీ మంచి కోరి చెబుతున్నాను. తొందరపడకు. ఆసుపత్రిలో చేర్చావంటే మనం ఢిల్లీకి చెప్పితీరాలి. చెబితే సోమవారం ఆగుతుంది."

"ఆగాలి సార్."

"ఆగితే వాళ్ళు మొదట అడిగేది ఆ రక్తం గురించే. అప్పుడు పోలీసులు నా గది తలుపు తట్టరు, మీ చర్చి తలుపు తడతారు. నీకు మందులు తెలుసు, ఇంట్లోనే చూసుకో. రెండ్రోజులు. మంగళవారం చేర్పిద్దువుగాని, ఖర్చంతా మనదే."

"రెండ్రోజులు ఆమె ఊపిరి ఉండదు సార్."

"అది నువ్వు అనుకుంటున్నావు" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

స్వర్ణ వెనక్కి తిరిగేసరికి ఎలీసమ్మ గడపలో నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది.

"జైల్లో పెడతారేటే నన్ను?" అంది మెల్లగా.

"తెలీదమ్మా."

"బిందుని కూడానా?"

స్వర్ణ తల్లి చేతి మీద కమిలిన మచ్చ వైపు చూసి, చూపు తిప్పుకుంది.

అంబులెన్సు సందులోకి రాలేక మొగలో ఆగింది. తెల్లచొక్కా వేసుకున్న కుర్ర టెక్నీషియన్ స్ట్రెచర్‌తో వచ్చి, కూర్మమ్మ వేలికి క్లిప్పు తగిలించి, మాస్కు పెట్టాడు. పని చేసుకుంటూనే దాలయ్యని అడిగాడు.

"ఈమధ్య జొరమేదైనా వచ్చిందా?"

"నేదు బాబూ."

"కుక్క కరవడం, విరోచనాలు?"

"నేదు."

"సూదిమందు గానీ, టీకా గానీ ఏయించారా?"

దాలయ్య ఎలీసమ్మ వైపు చూశాడు. వేసిన ఒట్టు వేసినట్టే ఉంది. "ఏదీ... ఏదీ ఎయ్యలేదు బాబూ."

ఎలీసమ్మ తలొంచుకుంది. అవునని గానీ కాదని గానీ అనలేదు. ఇన్నాళ్ళూ ఎవరు ఎవరో చెప్పిన నోరు, ఇప్పుడు కూతురి కోసం మూసుకుని ఉంది. ఆ మౌనంలో ఉండిపోతే చాలు. ఒక్క క్షణం ఉండిపోతే, తల్లి తన పొయ్యి దగ్గర తను ఉంటుంది.

"వేశారు" అంది స్వర్ణ. "మెదడువాపు టీకా ప్రయోగంలో ఉంది. నేనే డాక్టర్ని. నాలుగైదు వారాలైంది. పెద్దాసుపత్రిలో మొదట ఆ మాటే చెప్పండి, వెంటిలేటర్ సిద్ధం చెయ్యమనండి."

"అమ్మా స్వర్ణా..." దాలయ్య ఏదో అనబోయాడు.

"ఒట్టు తీరిపోయింది బావా. ఇంక ఎవరు అడిగినా నిజం చెప్పు."

టెక్నీషియన్ పట్టీలు బిగిస్తున్నవాడల్లా ఆగి, ఆమె ముఖంలోకి చూశాడు.

"టీకా ప్రయోగమంటే... కోటబొమ్మాళి కాడ ఏసిందేనా మేడమ్?"

"అదే. ఎందుకు?"

"మొన్న మంగళారం పుట్టింటి కాడ్నుంచి ఒకావిడ్ని ఇలాగే ఎత్తుకెళ్ళాం. కాళ్ళు రెండూ ఇలాగే. టీకా ఏయించారా అంటే ఇంట్లోవోళ్ళు లేదన్నారు. నాట్లేసే మనిసి, లక్ష్మణమ్మని పేరు." అతను మళ్ళీ పట్టీ బిగించాడు. "దారిలోనే పోనాది మేడమ్."

ఎలీసమ్మ గుమ్మం పట్టుకుంది.

"లచ్చనమ్మా? అది మదరాసు ఎల్లిందన్నారు గదా! ఆళ్ళ మరదలు సేత రగతం ఇప్పించాను గదా!"

మదరాసు మాట తనకి చెప్పిన మనిషి కోసం వెనక్కి తిరిగింది. తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడ వెంబడే ఒక్కొక్క అడుగు వెనక్కి వేస్తూ, బయట ఆగి ఉన్న ఆటో వైపు జరుగుతోంది.